కోపం ముందా, సిగ్గు ముందా

కల్లూరులో మా మేనత్త ఇల్లు ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే పెద్దరోడ్డుకు కాస్త లోపలగా, సాగర్ ఎడమ కాలువ కింద పారే పొలాల అంచున ఉంటుంది. అత్త ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరైంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, నెలకో పుస్తకం చదివి మాట్లాడుకునే స్నేహితుల గుంపులో ఉన్నాను. ఈమధ్య మేం చదివింది బానీ గార్మస్ రాసిన ‘లెసన్స్ ఇన్ కెమిస్ట్రీ’. 2022లో వచ్చిన ఇంగ్లిషు నవల. అరవై దాటిన రచయిత్రికి అచ్చైన మొదటి నవల అదే. మరుసటి ఏడాదే టీవీ సిరీస్‌గా కూడా వచ్చింది.

కథ 1950లు, 60ల నాటి కాలిఫోర్నియాలో జరుగుతుంది. ఎలిజబెత్ జాట్ రసాయన శాస్త్రవేత్త. మీద చెయ్యి వేసిన ప్రొఫెసర్‌ను ఎదిరించినందుకు పీహెచ్‌డీ పోగొట్టుకుంటుంది. చేరిన పరిశోధనశాలలో ఆమె పనిని పైవాడు తన పేరు మీద వేసుకుంటాడు. ప్రేమించినవాడు ప్రమాదంలో పోతాడు. పెళ్ళి కాకుండానే గర్భవతైందని ఉద్యోగం ఊడుతుంది. చివరికి టీవీలో వంటల కార్యక్రమం దొరికితే, దాన్ని కెమిస్ట్రీ క్లాసుగా మార్చేస్తుంది. నాకు ఎంతో నచ్చి అత్తకు పంపాను. ఆమెకు నచ్చలేదు. ఎండలు ముదరకముందే ఊరికి వెళ్ళినప్పుడు, తెల్లవారుజామున గౌడన్న దించి తెచ్చిన తాటి నీరా ముందు పెట్టుకుని మేం పడ్డ పేచీ ఇది.

నేను – అత్తా, ఆ రోజు మా వాళ్ళు పుస్తకానికి తగ్గట్టు ఒక కాక్‌టెయిల్ చేశారు. జిన్నులో శంఖుపూల నీళ్ళు కలిపి గాజు బీకర్లలో పోశారు. నిమ్మరసం పిండగానే నీలం కాస్తా ఊదా రంగుకు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అత్త – రంగు ఎందుకు మారిందని ఎవరన్నా అడిగారా?

నేను – లేదు. ఫోటోలు తీసుకున్నారు.

అత్త – ఆ నవలతో నా పేచీ కూడా అదే బిడ్డా. కెమిస్ట్రీ అంతా అలంకారం. ఆ పువ్వులో ఉండేది ఆంథోసయనిన్. ఆమ్లం తగిలితే ఊదా దాటి ఎరుపు వైపు, క్షారం తగిలితే ఆకుపచ్చ వైపు జరుగుతుంది. కాలేజీకి లిట్మస్ కాగితం రాని ఏడాది నేను పిల్లల చేత శంఖుపూలతోనే ప్రాక్టికల్స్ చేయించాను. మన దడి మీదే తీగ ఉంది, నాలుగు పూలు కోసుకురా. నీ పుస్తకానికి తగ్గ పానీయం నేను చేస్తాను.

(కోసుకొచ్చాను. అత్త పూలను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీలం నీళ్ళను రెండు గ్లాసుల నీరాలో కొంచెం కొంచెంగా పోసింది. ఒక గ్లాసు నీలంగా ఉండిపోయింది. రెండోది పచ్చవైపు తిరిగింది.)

అత్త – ఈ పచ్చది సున్నం పూసిన లొట్టిలోది. నీలంది సున్నం లేని లొట్టిలోది, దించి ఇంకా గంట కాలేదు. చెట్టు నుంచి కారేటప్పుడు రెండూ ఒకటే. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర, అదీ పేరువంచ ఫ్యాక్టరీలో చెరకు నుంచి తీసే సుక్రోజే. గాలిలోనూ లొట్టి గోడల్లోనూ కాచుకుని ఉండే ఈస్టు ఆ చక్కెరను పట్టుకుంటుంది. ఎండెక్కేసరికి అది కల్లు. నూటికి నాలుగైదు పాళ్ళు ఆల్కహాలు, దాంతోపాటు పులుపు. ఇంకో రోజు వదిలేస్తే వెనిగర్. సున్నం క్షారం కాబట్టి ఈస్టును లేవనివ్వదు. మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కే గౌడన్నకు ఇదంతా తెలుసు, ఈ పేర్లతో కాదు. నీలం గ్లాసును ఇక్కడే ఉంచు. మనం మాట్లాడుకుంటుంటే అది ఊదాకు తిరుగుతుంది. జిన్నులో రంగు మారితే చూసి ఆనందించడమే. ఇందులో రంగు మారితే ఎంత పులిసిందో తెలుస్తుంది.

నేను – ఎలిజబెత్ చేసిందీ అదే కదా. కూరలో ఏం జరుగుతోందో అడగండి అని ఇల్లాళ్ళకు చెప్పింది. వంటింట్లో మీరు చేసేది శాస్త్రమే, మీరు తెలివితక్కువవాళ్ళు కారు అని చెప్పింది. నువ్వు ఇప్పుడు చేసిన పనికీ ఆమె పనికీ తేడా ఏముంది?

అత్త – మన మాలతీ చందూర్ ఆ పని చాలా ముందే, టీవీ లేకుండానే చేసింది. ‘ప్రమదావనం’ శీర్షికలో దశాబ్దాల పాటు ఆంధ్రప్రభ పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెప్పింది. వంటల పుస్తకం రాసింది. ఆ చేత్తోనే స్వాతిలో ‘పాత కెరటాలు’ పేరిట ప్రపంచ నవలల్ని ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది. మా అమ్మ ఏడో తరగతి దాటలేదు. పెద్ద పెద్ద ఇంగ్లిషు నవలల కథలు ఆమెకు తెలిసింది మాలతీ చందూర్ వల్లే. ఎక్కడా గొంతు పెంచకుండా, పోపు దగ్గర నిలబడ్డ మనిషికి ప్రపంచాన్ని అందించింది. నీ ఎలిజబెత్ గొంతు పెంచకుండా ఒక్క వాక్యం మాట్లాడదు.

నేను – గొంతు పెంచితే తప్పా?

అత్త – తప్పని కాదు. ఆ కాలంలో, ఆ స్థితిలో ఉన్న మనిషి అలా మాట్లాడదని అంటున్నా. ఎలిజబెత్‌కు తన మీద తనకు ఒక్క పూట కూడా అనుమానం రాదు. ఎవడు ఏమన్నా జవాబు నాలుక మీదే ఉంటుంది. ఇప్పటి అమ్మాయిని తీసుకెళ్ళి అరవై ఏళ్ళ వెనక నిలబెట్టినట్టుంది. అసలు మనుషుల సంగతి చెప్పనా? మనం తాగుతున్న ఈ నీరా మీదే పనిచేసినావిడ సంగతి.

నేను – చెప్పు.

అత్త – కమలా సోహనీ. ఇండోరులో పుట్టింది, పుట్టింటి పేరు భాగవత్. బొంబాయిలో బీఎస్సీ మంచి ర్యాంకుతో పాసై, 1933లో బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌కు, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు, అర్జీ పెట్టింది. అప్పుడు డైరెక్టరు సి.వి. రామన్, నోబెల్ వచ్చి మూడేళ్ళయింది. ఆడపిల్లవు కాబట్టి చేర్చుకోనన్నాడు. ఆమె వెళ్ళి ఆయన ఆఫీసు ముందు సత్యాగ్రహం చేసింది. చివరికి షరతుల మీద ఒప్పుకున్నాడు. ఏడాది పాటు పరీక్షగా చూస్తాడు, తనకు తృప్తి కలిగేదాకా ఆమె పనికి గుర్తింపు ఉండదు, అక్కడి మగవాళ్ళ దృష్టి చెదరగొట్టకూడదు. ఈ మూడిటికీ ఆమె తలూపింది. తలూపి లోపలికి వెళ్ళి పాలల్లో, పప్పుల్లో ప్రొటీన్ల మీద పనిచేసింది. ఏడాది తర్వాత రామన్ ఒప్పుకోక తప్పలేదు. ఆమె వెనక మిగతా ఆడపిల్లలకూ ఆ తలుపు తెరుచుకుంది. తర్వాత కేంబ్రిడ్జి వెళ్ళి, మొక్కల కణాల్లో సైటోక్రోమ్ సి ఉందని చూపించి, 1939లో పీహెచ్‌డీ తీసుకుంది. పద్నాలుగు నెలల్లో, నలభై పేజీల థీసిస్‌తో.

నేను – నీరా ఎక్కడొచ్చింది?

అత్త – తర్వాత బొంబాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేసేటప్పుడు. రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ సూచన మీద నీరా పోషక విలువల్ని తీసుకుంది. బక్కచిక్కిన గిరిజన పిల్లలకు, గర్భిణులకు తిండిలో భాగంగా ఇస్తే ఆరోగ్యం మెరుగుపడుతుందని చూపించింది. ఆ పనికి రాష్ట్రపతి అవార్డు వచ్చింది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది చూశావా, అక్కడికి వెళ్ళి తాగేవాళ్ళలో ఆమె పేరు ఎంతమందికి తెలుసు? ఇదీ ఆడ సైంటిస్టు బతుకు. అరిచి సాధించింది కాదు. షరతుకు తలవంచి, పని చేసి చూపించి సాధించింది. ఇంత గొప్ప నిజం ఉండగా, నాకు కల్పన ఎందుకు?

నేను – అత్తా, ఆ ఏడాది కమలా సోహనీ రాత్రిళ్ళు ఏమనుకుంది?

అత్త – అంటే?

నేను – ఏడాది పాటు రోజూ అదే మెట్లెక్కి, తన పని పనే కాదన్న మనిషి ముందునుంచే నడిచి వెళ్ళింది కదా. హాస్టల్ గదికి వచ్చి ఏమనుకునేది? నువ్వు చెప్పిందంతా తేదీలు, పదవులు, అవార్డులు. అది నిజమే. కానీ ఆ మనిషి లోపలిది కాదు.

అత్త – చెప్పింది. ఏళ్ళు గడిచాక ఆడ శాస్త్రవేత్తల సభలో నోరు విప్పింది. రామన్ ఎంత గొప్ప శాస్త్రవేత్త అయినా ఆలోచన ఇరుకన్నది, తనకు జరిగింది మర్చిపోలేనన్నది.

నేను – ఏళ్ళు గడిచాక! ఉద్యోగం, ఫెలోషిప్, రికమెండేషన్ ఉత్తరం, ఇవేవీ ఎవరి చేతిలోనూ లేని వయసు వచ్చాక. ఆ మాట ఆమె లోపల అన్నేళ్ళూ ఉంది కదా. ఆ రోజు పైకి అనలేకపోయిన మాటను ఆ రోజే అనేటట్టు రాయడమే నవల చేసిన పని. నువ్వు దాన్ని అబద్ధం అంటున్నావు. నేను బాకీ తీర్చడం అంటాను. అన్నా మణి సంగతి నీకు తెలుసు. ఆ రామన్ లాబ్‌లోనే వజ్రాల మీద, కెంపుల మీద అయిదు పేపర్లు రాసింది. ఎమ్మెస్సీ లేదని మద్రాసు యూనివర్సిటీ పీహెచ్‌డీ ఇవ్వలేదు. తనకేమీ తక్కువ కాలేదన్నట్టు వెళ్ళిపోయి వాతావరణ శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకుంది. మనం ఆ హుందాతనాన్ని పొగిడి ఊరుకుంటాం. డిగ్రీ ఎగ్గొట్టినవాళ్ళను ఎవరూ ఒక్క మాటా అనరు. ఆడదాని ఓర్పును అంతగా పొగిడితే, ఓర్చుకోవలసిన పరిస్థితి తెచ్చినవాళ్ళ మీదికి చూపు పోదు.

(అత్త కొంతసేపు మాట్లాడలేదు. నా గ్లాసులో ఇంకొంచెం నీరా పోసింది.)

అత్త – సరే, తెలుగావిడ దగ్గరికి వద్దాం. అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకు, చంకలో నాలుగు నెలల బిడ్డ ఉండగా, భర్త పోయాడు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆ ఇంట్లో వితంతువని మూల కూర్చోబెట్టలేదు, చదివించారు. 1940లో గిండీలో చేరింది. దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరు అయిన మొదటి ఆడమనిషి. డిగ్రీ పట్టా మీద అచ్చులో మగవాళ్ళ సర్వనామమే ఉంటే, దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని రాసి ఇచ్చారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. భాక్రా నంగల్ ప్రాజెక్టు కరెంటు లైన్ల, సబ్‌స్టేషన్ల డిజైన్లలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే వెళ్ళి కూర్చుంది. మీ ఎలిజబెత్ టీవీలో వంట చేసిన కాలం కూడా దాదాపు అదే. ఆమె కూడా ఒంటరి తల్లే, ఈమె కూడా. ఎవరి కథ బలమైంది?

నేను – లలితదే. అందుకే అడుగుతున్నా, లలిత మీద తెలుగులో ఏ నవల ఉంది?

అత్త – నేను చదివినంతలో కనపడలేదు.

నేను – మరి? లేడీ డాక్టర్లు మన నవలల నిండా ఉన్నారు. తెల్లకోటు వేసుకుని వచ్చి నాడి చూసి, చివరికి పెళ్ళి చేసుకుంటారు. లాబ్‌లో నిలబడి, ప్రయోగం ఎందుకు చెడిందో తెలియక నెల రోజులు తల పట్టుకునే ఆడమనిషి మన నవలలో నాకు ఎక్కడా ఎదురు కాలేదు. మనకు లలితలు ఉన్నా లలిత మీద నవల లేదు. వాళ్ళకు నవల ఉంది కాబట్టి చదివిన ఆడవాళ్ళకు తమ అమ్మమ్మల సంగతి తవ్వుకోవాలనిపిస్తుంది.

అత్త – లలిత డాక్టరీ ఎందుకు చదవలేదో తెలుసా? ఆ రోజుల్లో ఆడపిల్లకు అదే గౌరవమైన చదువు. కానీ డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొస్తే బిడ్డను వదిలి పోవాలి. ఇంజనీరైతే పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి రావచ్చు. అందుకని ఇంజనీరింగ్ తీసుకుంది. దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆ దారి పట్టింది బిడ్డ నిద్రపోయే వేళను చూసుకుని! ఇలాంటి నిజం ఏ రచయితా కల్పించలేడు. ఎలిజబెత్‌కు ఇలాంటి చిన్న లెక్కలు ఉండవు. ఆమెకు కెమిస్ట్రీ అంటే ఒక దీక్ష. అడక్కుండానే పొరుగున ఒకావిడ దొరుకుతుంది, బిడ్డను చూసుకుంటుంది. కుక్కకు కూడా వందల మాటలు అర్థమవుతాయి. ఇక చివర్లో! పోయిన ప్రియుడి కన్నతల్లి పెద్ద ఫౌండేషన్‌కు అధిపతిగా దిగుతుంది, పరిశోధనశాలలో కెమిస్ట్రీ విభాగాన్ని ఎలిజబెత్ చేతిలో పెడుతుంది. మన పౌరాణిక సినిమాలో విష్ణుమూర్తి ప్రత్యక్షమైనట్టు. నిజంగా పరిశోధన చేసిన ఆడవాళ్ళకు ఏ ఫౌండేషన్ దిగి వచ్చింది?

నేను – లలితకు దిగి వచ్చింది. ఆవిడ తండ్రి, అదే కాలేజీలో ప్రొఫెసర్. కమలా సోహనీ తండ్రి కూడా కెమిస్ట్రీ చదివినవాడే. నువ్వు చెప్పిన ప్రతి నిజం కథలోనూ తలుపు దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడత్తా. నవల ఆ పెద్దమనిషిని చివరి అధ్యాయంలో తెచ్చింది. జీవితం మొదటి అధ్యాయంలోనే తెచ్చింది. అంతే తేడా.

అత్త – (నవ్వి) ఇది బాగుంది. ఇందులో మాత్రం నువ్వు గెలిచావు. అయితే అసలు ప్రశ్న అదే. నాన్న ప్రొఫెసర్ కాని పిల్ల ఏమైంది? నాకు ఆ నవల కావాలి. లలితదీ కాదు, ఎలిజబెత్‌దీ కాదు.

నేను – ఎవరిది మరి?

అత్త – చెబుతాను. ఎవరికీ చెప్పలేదు ఇది. నేను ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై పీహెచ్‌డీ సీటుకు ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎక్కడికో చెప్పను. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. సబ్జెక్టులో అడిగినవన్నీ చెప్పాను. అప్పుడు ఒకాయన, ‘పెళ్ళెప్పుడమ్మా?’ అన్నాడు. సంబంధాలు చూస్తున్నారన్నాను. ‘నీకిస్తే రెండేళ్ళకు మానేసి పోతావు. మగపిల్లాడికిస్తే ఒక కుటుంబం నిలబడుతుంది, నువ్వే చెప్పు’ అన్నాడు. మెత్తగానే అన్నాడు, తండ్రిలా. నేనేమన్నానో తెలుసా? ‘అవును సార్’ అన్నాను. లేచి దణ్ణం పెట్టి వచ్చాను.

నేను – అత్తా...

అత్త – జాలి పడకు, విను. బస్సెక్కి ఖమ్మం చేరేదాకా నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. అంత పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి నాది కానిది అడిగానేమో అనిపించింది. మా నాన్న ఎడ్లు కట్టుకుని దున్నేవాడు. చార్జీలకు డబ్బిచ్చి పంపినాడు. ఏమైందమ్మా అంటే, నేనే సరిగ్గా చెప్పలేదు నాన్నా అన్నాను. కోపం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి అదే ప్రశ్న విని ఏడుస్తూ వస్తే, అప్పుడొచ్చింది. అదీ నా కోసం కాదు. అందుకే ఆ నవల చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. ఎలిజబెత్‌కు అవమానం జరిగిన చోటే కోపం వస్తుంది. సిగ్గు అనేది ఆ మనిషికి తెలియదు. మాకు ముందు సిగ్గే వచ్చేది. ఆ సిగ్గు ఎలా ఉంటుందో, ఎన్నేళ్ళు కడుపులో ఉంటుందో, ఎలా కరుగుతుందో రాయని నవల నా గురించి ఏం చెప్పినట్టు?

నేను – (నాకు వెంటనే మాట రాలేదు. అత్త చదువు ఆగిపోయింది పెళ్ళి వల్లేనని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం.) ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఆ గదిలోకి వెళ్ళేముందు నువ్వు ఇలాంటి నవల చదివి ఉంటే?

అత్త – జవాబు తెలిసి ఉండేది. సీటు మాత్రం వచ్చేది కాదు.

నేను – సీటు రాదు, నిజమే. సిగ్గు కూడా వచ్చేది కాదు కదా. ఖమ్మం దాకా ఆ బస్సులో నువ్వు తప్పు నీదనుకుంటూ వచ్చావు. తప్పు వాళ్ళదనుకుంటూ వచ్చి ఉండేదానివి. మళ్ళీ ఏడాది ఇంకోచోటికి వెళ్ళి ఉండేదానివేమో. ఆ తేడా చిన్నదా?

అత్త – చిన్నది కాదు.

నేను – అందుకే అంటున్నా. ఎలిజబెత్ ఆ కాలం మనిషిలా లేదు, ఒప్పుకుంటాను. ఆ నవల ఆ కాలం వాళ్ళ కోసం రాసింది కాదు. ఇవాళ పద్దెనిమిదేళ్ళున్న పిల్ల కోసం రాసింది. ఆ పిల్ల రేపు ఏదో ఒక గదిలో ముగ్గురి ఎదుట కూర్చుంటుంది. ‘పెళ్ళెప్పుడమ్మా’ అన్న ప్రశ్న ఇప్పటికీ చచ్చిపోలేదు, మాటలు మారాయంతే. ఆ ప్రశ్నకు సిగ్గుపడనక్కర్లేదని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి. జీవిత చరిత్ర ఓపిక పట్టమని చెబుతుంది. నవలైతే లేచి నిలబడమంటుంది.

అత్త – లేచి నిలబడ్డాక ఏమవుతుందో కూడా చెప్పాలి కదమ్మా. అది చెప్పకుండా లెమ్మంటే మోసం. ఎలిజబెత్ లేచి నిలబడింది, టీవీ వాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. కల్లూరు పిల్ల లేచి నిలబడితే ఇంటికి పంపిస్తారు. మర్నాడు ఆమె ఏం చేసిందో రాసేవాళ్ళు కావాలి. ట్యూషన్లు చెప్పిందా, బీఈడీ చేసిందా, పంచాయతీ నీళ్ళ ట్యాంకులో ఫ్లోరైడ్ పరీక్షించిందా. ఆ మర్నాడులోనే సైన్సు కొనసాగుతుంది మన దగ్గర. నేను ముప్పయ్యేళ్ళు పిల్లల చేత బ్యూరెట్ పట్టించాను. రంగు మారే చివరి చుక్క దగ్గర చెయ్యి ఎలా నెమ్మదించాలో నేర్పించాను. అది పరిశోధన కాదు. కానీ సున్నా కూడా కాదు. దాన్ని నవలలో పెట్టే రచయిత ఎవరు?

నేను – ఇంకా దూరం వెళ్దాం. భద్రాచలం ఏజెన్సీలో ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్ల కింద తెల్లారకముందే ఆడవాళ్ళు పువ్వు ఏరుతుంటారు. ఆ పువ్వును ఎండబెట్టి, నానబెట్టి, పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి, పైన చన్నీళ్ళతో ఆవిరిని చల్లార్చి సారా దించుతారు. నువ్వు లాబ్‌లో చెప్పే డిస్టిలేషన్ అదే. జీలుగు కల్లు ఏ గెల నుంచి ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఆపాలో కోయ ఇళ్ళల్లో తరాలుగా తెలుసు. వాళ్ళను ఎందుకు శాస్త్రవేత్తలనకూడదు?

అత్త – అనకూడదని కాదు. అని ఊరుకుంటే మనకు తృప్తి, వాళ్ళకు ఏమీ లేదు. ఆ తల్లికి తెలిసింది గొప్ప తెలివి. కానీ ఆవిరి ఎందుకు చల్లారుతుందో, మొదట దిగేది ఎందుకు పారబొయ్యాలో ప్రశ్నించి, రాసి, ఇంకొకడు తప్పని చెబితే తిరిగి చేసి చూపించే అవకాశం ఆమె కూతురికి రావాలి. బిరుదిచ్చి చేతులు దులుపుకోవద్దు. గురుకులంలో చదువుతున్న ఆ కూతురికి పనిచేసే లాబ్ ఇవ్వాలి. చాలా కాలేజీల్లో ప్రాక్టికల్స్ పరీక్ష ముందు వారం మొక్కుబడిగా నడుస్తున్నాయి. బీకరు పట్టుకోకుండానే ఎంపీసీ మార్కులు వందకు వంద వస్తున్నాయి. ఎలిజబెత్ వంటింటిని లాబ్ చేసుకుంది చూడు, అందులో ఆ ఒక్కటి నాకు నచ్చింది. గోడ పగలగొట్టి, బల్లలు వేసి, సెంట్రిఫ్యూజ్ పెట్టింది. పరికరం లేకుండా సైన్సు లేదని ఆ రచయిత్రికి తెలుసు.

నేను – అయితే నచ్చింది ఒకటి ఉందన్నమాట.

అత్త – రెండున్నాయి. అంతకుముందు రాసిన నవలను తొంభై ఎనిమిది చోట్ల తిప్పికొట్టినా ఆగకుండా ఈ పుస్తకం రాసిందన్నావే, ఆ రచయిత్రి నచ్చింది. ఆవిడ కథ ఆవిడ నాయిక కథ కంటే నిజం. అదిగో, నీలం గ్లాసు చూడు. ఊదా అయింది. ఇక తాగకు, ఆఫీసు పని ఉందన్నావుగా.

నేను – లలిత మీద నవల రాయాలంటే ఎక్కడ మొదలుపెడతావు?

అత్త – పట్టా దగ్గర మొదలుపెట్టను. అందరూ ఆ కొట్టేసిన సర్వనామం దగ్గరే మొదలుపెడతారు. బిడ్డను అయినవాళ్ళ దగ్గర వదిలి హాస్టలుకు వెళ్ళిన మొదటి రాత్రి దగ్గర మొదలుపెడతాను. మొత్తం మగపిల్లల కాలేజీలో, అర్ధరాత్రి నిద్ర పట్టని ఇరవయ్యేళ్ళ విధవ పిల్ల. ఆ రాత్రి ఆమెకు కోపం వచ్చిందని రాస్తే నేను నమ్మను.

నేను – నేను మాత్రం కోపం వచ్చిందనే రాస్తాను. ఎవరి మీదో తెలియని కోపం. సిగ్గు పైకి కనపడేది, కోపం దాని కిందే ఉంటుంది. నీకు ఖమ్మం బస్సులో కూడా ఉండే ఉంటుంది, పేరు తెలియక పోల్చుకోలేదు.

అత్త – నా బస్సు సంగతి నాకు తెలుసు. నువ్వు రాసుకో నీ నవల. నేను చదివి ఎర్రసిరాతో దిద్దుతాను.

ఆ పూట అక్కడితో ఆగాం. అత్త ఇప్పటికీ ఎలిజబెత్‌ను ఒప్పుకోలేదు, నేను వదులుకోలేదు. ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట, అది చదువరులకు చెప్పమంది అత్త. 1940ల నుంచి 80ల దాకా సైన్సు చదివిన ఆడవాళ్ళు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే ఇప్పుడే వెళ్ళి అడగండి. ఇంటర్వ్యూ గదిలో ఏమన్నారు, లాబ్‌లో ఎక్కడ నిలబెట్టారు, ఎందుకు మానేశారు, మానేశాక ఏం చేశారు. ‘పెళ్ళి వల్ల ఆగిపోయింది’ అనే మొదటి జవాబు దగ్గర ఆగకండి. చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. ప్రాక్టికల్ రికార్డులు, కాల్ లెటర్లు, కాలేజీ గ్రూపు ఫోటోలు పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. అయ్యలసోమయాజుల లలిత సంగతి ఇవాళ మనకు ఇంత వివరంగా తెలుస్తోందంటే, ఆమె కూతురు గుర్తుంచుకుని అడిగినవాళ్ళకు చెప్పబట్టే.